గంపకు సాయం పట్టే చెయ్యి

కూర్మమ్మది భోగాపురానికి తూర్పున ఉన్న సముద్రపొడ్డు పల్లె. ఒడ్డున వేలంపాటలో చేపలు కొనడం, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మడం, పెళ్లయినప్పటి నుంచీ ఇదే ఆవిడ బతుకు. ఉద్యోగం అయిపోయాక నేను ఆ పక్కనే ఇల్లు కట్టుకున్నాను. పొద్దున్నే నడకకు వెళ్తూ ఆ ఆడవాళ్లను రోజూ చూసేవాణ్ణి.

నిండిన గంపను ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు. ఎదురుగా ఇంకొకరు నిలబడి రెండో అంచు పట్టి లేపాలి. అందుకని ప్రతివాళ్లకూ ఒక జోడీ ఉంటుంది. కూర్మమ్మకు గున్నమ్మ. ఇద్దరూ ఒకే ఏడు కాపురానికి వచ్చారు. ఒకరి గంప ఒకరు లేపుకుంటూనే ముసలివాళ్లయ్యారు.

ఒకరోజు గున్నమ్మ గంపకు చెయ్యి వెయ్యబోయి, వంగిన కూర్మమ్మ వంగినట్టే ఇసకలో కూలబడింది. నడుం పట్టేసిందనుకున్నారు. నూనె రాసి, గుడ్డ బిగించి, నెలల తరబడి మంచం దిగనివ్వలేదు. లేచేసరికి వీపు వంగిపోయింది. అప్పుడు విజయనగరం ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఎముకలు గుల్లబారాయనీ, వెన్నుపూస ఒకటి నలిగిందనీ, అన్నాళ్లు పడుకోబెట్టడం ఇంకా చెరుపు చేసిందనీ అక్కడ చెప్పారు. తోడు వెళ్లింది గున్నమ్మే.

వ్యాయామాలు నేర్పే ఝాన్సీ అనే అమ్మాయి నిదానంగా వివరించింది. "బరువు పడితేనే ఎముక గట్టిపడుతుందమ్మా. మన ఒంటి బరువు మనమే మోస్తూ నడవాలి. ముందుకు మాత్రం వంగొద్దు."

"బరువు పడాలంటే గంప ఎత్తుకోవాల కదమ్మా?" అంది కూర్మమ్మ ఆశగా.

"గంప ఇంక వద్దు. ఇంకో పూస నలిగితే లేవలేరు."

కూర్మమ్మ బరువు పడాలన్న మొదటి మాటే మనసులో పెట్టుకుంది.

ఆ తరువాత ఆవిడ పట్టుదల చూడాలి. గోడకు వీపూ తలా ఆనించి నిలబడేది. గుమ్మం పట్టుకుని మడమలు ఎత్తి దించేది. అరుగు మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేచేది. పొద్దున్నే ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని తడి ఇసక మీద నడిచేది.

"ఒసే కూర్మీ, ఒట్టి గంపతో ఏటమ్ముతన్నావే? గాలా?" అని గున్నమ్మ వేళాకోళం.

"నీ మొగుడు పట్టిందే అమ్ముతన్నాను. నిన్న ఆడి వల్లో పడినాది గాలే కదేటి!"

ఒడ్డంతా నవ్వేది.

ఇంత కష్టం దేనికని ఒకసారి అడిగాను. "ఇంట్లో కూకుంటే కోడలు కంచంలో పెడతాది బాబూ. మంచిదే. కానీ పాటకాడ నా గొంతు ఇనపడకపోతే నానున్నట్టా, పోయినట్టా?" అంది.

ఏటా వేసవిలో ఉండే వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ కదిలాయి. వలల్లో కవళ్ల చేపలు బాగా పడిన ఒక పొద్దున కూర్మమ్మ అందరికన్నా పెద్ద గొంతుతో పాట పాడింది. గంప నింపించుకుని, నెత్తిన గుడ్డచుట్ట సర్దుకుని నిలబడింది.

"గున్నీ, సెయ్యెయ్యే."

గున్నమ్మ కదల్లేదు. "నానెయ్యను."

"ఏటే?"

"గంప వద్దని ఆ డాక్టరు గుంట సెప్పినప్పుడు నానూ ఉన్నాను కదా. నా సేత్తో నీ నడుం ఇరగ్గొట్టమంటావేటి?"

"ఎముకకి బరువు కావాలన్నాది కదే! నాకు తెలవని బరువా ఇది? సూడు, ఎంత నిటారుగా నిలబడ్డానో!"

"సూత్తన్నాను. అలా నిలబడే ఉండు. నాకదే సాలు."

కూర్మమ్మ మిగిలినవాళ్ల వైపు తిరిగింది. ఒకామె చెంగు దులుపుకుంది. ఒకామె సముద్రం వైపు చూసింది. అప్పుడు తిట్టడం మొదలెట్టింది. గున్నమ్మ పుట్టుకను తిట్టింది, ఆమె వంశాన్నంతా తిట్టింది. గున్నమ్మ కళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

ఎండ ఎక్కుతోంది. రోడ్డు మీద గంపలను ఊళ్లకు చేర్చే ఆటో హారన్ కొడుతోంది. కూర్మమ్మ గొంతు ఆగిపోయింది.

"సేపలు పాడైపోతాయి. నీ గంపలో పోసుకో," అంది చివరికి.

గున్నమ్మ పోసుకుంది. నిండిన ఆ గంప అంచు మీదికి కూర్మమ్మ చేతులు వాటంతటవే వెళ్లాయి. గున్నమ్మ గంప వదిలి వెనక్కి జరిగి, ఇంకో ఆడమనిషిని పిలిచింది. వాళ్లిద్దరూ లేపుకున్నారు.

ఆటో వెళ్లిపోయాక కూర్మమ్మ ఇంటిదారి పట్టింది. వీపు వంగలేదు, అడుగు తడబడలేదు. అంత బాగా నడుస్తున్న మనిషి చేపలు పడిన పొద్దున ఒట్టి చేతులతో ఇంటికి పోవడం ఆ ఒడ్డు మీద నేనెప్పుడూ చూడలేదు.