ఉపవాసం పండక్కి వెళ్లిన ఏడు

మొన్న ఎదురింటికి సున్నం కొడుతుంటే ఆ వాసనకి పిడుగురాళ్ల గుర్తొచ్చింది. అక్కడ సున్నం బట్టీలో నాన్న రాళ్లు మోసేవాడు. మేం యూదులం. ఏటా ఉపవాసం పండక్కి బస్సెక్కి గుంటూరు అవతలున్న మా ప్రార్థన మందిరానికి వెళ్లేవాళ్లం.

ఆ ఏడు మేస్త్రీ, "పండగని పోతే మళ్లా పనిలోకి రామాక," అన్నాడు. అయినా నాన్న మమ్మల్ని తీసుకెళ్లాడు. పగలంతా పెద్దోళ్లతో పాటు నేనూ పస్తున్నాను. చీకటి పడ్డాక అందరం అన్నం తిన్నాం.

తిరిగొచ్చేసరికి నాన్న పని పోయింది. కొన్నాళ్లకి పొయ్యి వెలిగించని రోజొచ్చింది.

"ఏందమ్మా, మళ్లా పండగా?" సంబరంగా అడిగాను.

"అవునమ్మా, పండగే," అంది అమ్మ, నాన్న వైపు చూడకుండా.

చీకటి పడితే అన్నం పెడతారని గుమ్మంలో కూర్చున్నాను.

మరుసటేడు పండగనాడు మేం మందిరానికి వెళ్లలేదు. నాన్న వేరే బట్టీలో ఆ ఉపవాసంతోనే, మంచినీళ్లు కూడా ముట్టకుండా రాళ్లు మోశాడు. ఇంటికొచ్చి మాట్లాడకపోతే నామీద కోపమనుకున్నాను. గొంతెండిపోయి మాట రాలేదని ఇప్పుడు తెలుస్తోంది.