చమక్ కొట్టించిన స్క్రూలు

రిటైర్మెంటుకు ఆరేళ్లుందనగా నన్ను కంచన్‌బాగ్ దగ్గర ఒక ప్రైవేటు ల్యాబ్‌లో జీవ అనుకూలత విభాగానికి అధిపతిని చేశారు. విభాగమంటే నేను, ఒక ఇంక్యుబేటరు, సీసాల్లో పెరిగే ఎలుక కణాలు. ఎముకలో బిగించే లోహం ఒంటికి పడుతుందో లేదో తేల్చడం మా పని. లోహపు ముక్కను పోషక ద్రవంలో ఒంటి వేడి దగ్గర ఒక రోజు నానబెట్టి, ఆ ద్రవాన్ని కణాల మీద పోస్తాం. మర్నాడు మైక్రోస్కోపులో చూసి సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడు వేస్తాం. రెండు దాటితే ఫెయిల్. మా ఆఫీసులో పైనుంచి ఫోనొచ్చినా మారనిది ఆ గ్రేడు ఒక్కటే.

అక్కడ నాలుగేళ్లు గడిచాక, యాకుత్‌పురాలో చిన్న వర్క్‌షాపు నడిపే సలీం భాయ్ టైటానియం మిశ్రమంతో చేసిన స్క్రూలు పంపాడు. ఆటోల సామాన్ల పని మానేసి దీన్నే నమ్ముకున్నాడు. మా రిపోర్టు రాకపోతే లైసెన్సు లేదు, వర్క్‌షాపుకు తాళమే.

మర్నాడు చూస్తే కణాలన్నీ ముడుచుకుని చచ్చిపోయి ఉన్నాయి. గ్రేడు నాలుగు. లోహం తగలకుండా పక్కన పెంచిన కణాలు నిక్షేపంగా ఉన్నాయి కాబట్టి తప్పు మాది కాదు. సైన్సంటే అపార గౌరవమున్న మా డైరెక్టరు గారు, మీ ఎలుకలకు మూడ్ బాగాలేదేమో, ఇంకోసారి అడిగి చూడండి అన్నారు. అడిగాను. మళ్లీ చచ్చాయి.

సలీం భాయ్‌ని పిలిపించి చెబితే ముఖం పాలిపోయింది.

"ఎట్లైతది సార్? గవి మామూలు మాల్ గూడ కాదు. మీ ల్యాబ్‌కని చార్మినార్ గల్లీల వెండి పాలిష్ చేసే అన్నతోని మస్తు చమక్ కొట్టించిన!"

దేనితో రుద్దాడని అడిగాను. ఆకుపచ్చ పాలిష్ ముద్దతోనట. తర్వాత కడిగారా అన్నాను.

"కడిగితే చమక్ పోతది గద సార్," అన్నాడు, ఇంత చదివినవాడికి ఇదీ తెలియదా అన్నట్టు.

నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కణాలను చంపింది లోహం కాదు, దానికి అంటుకున్న ఆ ముద్ద. అమ్మకానికి చేసిన స్క్రూలను ఈ మహానుభావుడు చక్కగా కడిగి, యాసిడ్‌లో ముంచి, మళ్లీ కడిగి సీలు వేస్తాడు. మాకు పంపినవాటికే పెళ్లికొడుకు ముస్తాబు.

నేనే యాకుత్‌పురా వెళ్లి, అమ్మకానికి సీలు వేసి ఉంచిన డబ్బాలోంచి చేతికందిన మూడు ప్యాకెట్లు తీశాను.

"అరే, గట్లనే తీస్కపోతరా సార్? జర తుడవనియ్యుండ్రి!" అంటూ రుమాలు తీశాడు.

"చెయ్యి తియ్ భాయ్!" అని అరిచాను.

మూడూ గ్రేడు సున్నాతో పాసయ్యాయి. సలీం భాయ్ నా చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. డైరెక్టరు గారు ల్యాబ్ ప్రతిష్ఠ తనవల్లే నిలబడిందని మీటింగు పెట్టారు.

ఆ మీటింగులోనే నాకు ఇంకో సంగతి తట్టింది. సలీం భాయ్ కడగడం తెలియని అమాయకుడు కాబట్టి దొరికాడు. పెద్ద కంపెనీలు ముస్తాబు చేసి, కడిగి మరీ పంపేవి. నాలుగేళ్లుగా నేను పాస్ చేసినవన్నీ వాళ్లు ఏరి పంపిన ముక్కలే. ఆసుపత్రులకు వెళ్లే సరుకును నేనెన్నడూ చూడలేదు.

ఇకపై నమూనా మేమే వెళ్లి డబ్బాలోంచి తీసుకుంటామని నియమం పెట్టాను. ఏడాది తిరక్కుండా క్లయింట్లలో సగం మంది వేరే ల్యాబ్ చూసుకున్నారు.

నమూనా ఎవరు ఏరారో చూడకుండా గ్రేడు వేయకూడదని నేర్చుకున్నాను. అది నేర్చుకోకముందు నేను సంతకం పెట్టి పంపిన సరుకు ఇప్పుడు ఎవరెవరి మోకాళ్లలోనో ఉంది.