లావు పైపు, మా మేనమామ

మా మేనమామకు లోకంలోని ప్రతి వస్తువూ నూలుపోగే. సిరిసిల్లలో పుట్టి, చేతిమగ్గం మీద పని నేర్చి, పవర్‌లూమ్‌ల మధ్య జీవితమంతా గడిపినవాడు. పోగు గట్టితనం తెలుసుకోవాలంటే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున తెంపుతాడు. ఆ చప్పుడే ఆయనకు తీర్పు. మనుషుల విషయంలోనూ అంతే. పెళ్లిచూపులకు మా ఆయన్ని చూడ్డానికి కోరుట్ల వచ్చి, "పోగు సన్నంగున్నది గని తెగది" అన్నాడు. అది మెచ్చుకోలు అంటే మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

ఇప్పుడు మామ బట్టల తానులను నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సు నడుపుతున్నాడు. పంపు నుంచి ప్రెస్సుకు నూనె తీసుకెళ్లే ఉక్కు పైపు ఒకటి ఉంటుంది, బొటనవేలంత. దాని పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో, మామ పొద్దంతా నిలబడి బేళ్లకు పట్టీలు బిగిస్తాడు. మొన్న వానాకాలంలో ఆ పైపు చీలి నూనె కారడం మొదలైంది. మామ జగిత్యాల వెళ్లి పాత ఇనుప సామాన్ల దుకాణంలో మణికట్టంత లావు నీళ్ల పైపు కొనుక్కొచ్చి, నాకు ఫోన్ చేశాడు. నేను అదే జగిత్యాలలో డిప్లొమా పిల్లలకు మెకానికల్ పాఠాలు చెబుతాను. కొనేముందు మాత్రం నన్ను అడగాలని ఆయనకు తోచలేదు.

"బిడ్డా, గీసారి లావుది తెచ్చిన. ఇగ నా జన్మల పగలది."

"దాని గోడ మందం ఎంతున్నది మామా?"

"గింత లావున్నదంటే మందం సంగతి అడుగుతవేంది?"

నాకు నిజంగా భయమేసింది. నూలైతే లావుది తొందరగా తెగదు. జీవితమంతా నూలు తెంపినవాడు పైపునూ అలాగే ఎంచాడు. నేను వచ్చేదాకా బిగించొద్దని చెప్పి, ఆదివారం రాగానే మందం కొలిచే కాలిపర్ సంచిలో వేసుకుని కోరుట్ల నుంచి సిరిసిల్ల బస్సెక్కాను.

పైపు గోడ తుప్పు తిని అట్టముక్కలా ఉంది. ఉక్కు బలాన్ని గోడ మందంతో గుణించి, రెట్టింపు చేసి, పైపు బయటి వ్యాసంతో భాగించాలి. లోపలి ఒత్తిడి ఎంతకు చేరితే పైపు పగులుతుందో అప్పుడు తెలుస్తుంది. తరగతిలో ఈ లెక్క చెబుతుంటే సగంమంది ఆవలిస్తారు. ఆ రోజు నేను మాత్రం రెండుసార్లు వేసి చూశాను. మామ తెచ్చిన పైపు పగిలే ఒత్తిడి, ప్రెస్సు రోజూ వాడే ఒత్తిడి దాదాపు ఒక్కటే వచ్చాయి.

చెప్తే మామ మూతి ముడుచుకున్నాడు. పైపును గోరుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, "మంచిగనే పలుకుతున్నది" అన్నాడు. అత్త వంటింట్లోంచే, "ఆయన చెవికి గా పైపు మాట వినవడ్తది, నా మాట వినవడది" అంది.

ఇక సూత్రాలు పక్కన పెట్టి ఆయన దారికే వచ్చాను.

"మామా, నూలుపోగు లోపల ఏముంటది?"

"నూలే ఉంటది."

"గీ పైపు లోపల?"

కన్ను ఆనించి చూశాడు. అటుపక్క అత్త కనిపించినట్టుంది, చప్పున తీసేశాడు. "ఏం లేదు. బోలు."

"నువ్వు లావు అన్నది గా బోలే మామా. బోలు పెరిగినకొద్ది నూనె నెట్టే జాగ పెరుగుతది. పట్టి ఉంచేది మాత్రం గీ పల్చటి గోడ ఒక్కటే."

చాలాసేపు పైపును అటూ ఇటూ తిప్పాడు. "గిది ముందుగాల్నే చెప్తే అయిపోవు గద" అన్నాడు, తప్పు నాదే అన్నట్టు.

మర్నాడు నాతో పాటు జగిత్యాల వచ్చి ఆ పైపు వాపసు ఇచ్చాడు. బదులుగా బొటనవేలంతే ఉన్న కొత్తది, దట్టమైన గోడది కొన్నాం. లెక్క వేస్తే ప్రెస్సు ఒత్తిడికి ఎన్నో రెట్లున్నా తట్టుకుంటుంది. ఆ మాట మామ టీ హోటల్లో అందరికీ తనే కనిపెట్టినట్టు చెప్పాడు.

మామ ఇంట్లో మిషన్ ఏది మొదలుపెట్టినా ఇంటి ఆడపిల్ల చేత్తో స్విచ్ వేయించడం ఆనవాయితీ. పైపు బిగించిన రోజు నన్ను పిలిచారు. కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, అత్త నన్ను స్విచ్ దగ్గర నిలబెట్టింది. పైపు నాకు మూరెడు దూరంలో ఉంది. "మా బిడ్డ లెక్క అంటే లెక్కే" అని మామ నలుగురికీ వినబడేలా అన్నాడు.

స్విచ్ వేశాను. ఒత్తిడి చూపే మీటరు ముల్లు కదలగానే మామ గబగబా వచ్చి నాకూ పైపుకూ మధ్య నిలబడ్డాడు.

"మామా జరుగు, ముల్లు కనవడ్తలేదు. లెక్క మీద నమ్మకం లేదా?"

"ఉన్నది బిడ్డా" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "తప్పితే మా అక్కకు నేనేం జవాబు చెప్పాలె?"

ముల్లు సరిగ్గా ఆగాల్సిన చోటే ఆగిందని తర్వాత అత్త చెప్పింది. నాకు మామ వీపు తప్ప ఇంకేమీ కనిపించలేదు.