ఎడారి వైపు తిప్పిన విమానం

శుక్రవారం రియాద్‌లోని బతా పేటలో ఏ మెస్సుకెళ్లినా ఈ మాట చెవిన పడక మానదు: ఇసుక తుఫాను వస్తుంటే ఇంజనీరు సృజన మేడంకి గుండె జారిపోయిందట, నిక్షేపంలాంటి విమానాన్ని చేతులారా కూల్చేసిందట.

"మా ఆమెకు స్కూటీ ఇస్తే గోడకు గుద్దింది. గీమెకు ఏకంగా ఇమానమే ఇచ్చిన్రు" అంటాడు వంటాయన రాము, అన్నం వడ్డిస్తూ.

అది మనుషులెక్కే విమానం కాదు, ఇద్దరు మోసుకుపోయేంతది. తుఫాను కడుపులోకి వెళ్లి గాలి పోకడ కొలిచి రావాలని సృజన గీసింది. రెక్క విరిగినప్పుడల్లా మళ్లీ గీసింది. "ఇదీ తిరిగి రాకపోతే పని మూసేద్దాం" అని ముదీర్, అంటే వాళ్ల మేనేజరు, ముందే చెప్పేశాడు.

ఆ మధ్యాహ్నం రియాద్ బయట దుమ్ము ఎర్రటి గోడలా లేచి వస్తుంటే ఆదరాబాదరాగా వదిలారు. పైకి లేచిందో లేదో, వ్యాన్‌లోని తెర మీద వేగం సున్నా అని పడింది. వేగం చాలదనుకుని విమానంలోని కంప్యూటర్ దాని ముక్కు దించసాగింది.

పక్కనున్న మెకానిక్ హన్మాండ్లు మొహం పాలిపోయింది. "మేడం... ముందర గొట్టానికి టేపున్నది. దుమ్మొస్తదని రూముల కిటికీలకు ఏసినట్టే దానికీ ఏసిన. తీసుడు మరిచిన."

"వేగం తెలిసేదే ఆ గొట్టంతోటి కదన్నా!" సృజన మీట అందుకుని ముక్కు పైకెత్తింది. ఎగరేసే ముందు చూసుకోవాల్సింది తను. చూడలేదు.

"ఎనకకు మలుపుదాం మేడం, దగ్గర్నే ఉన్నది. పోతే ముదీర్ ఊకుంటడా?"

అంతలో రోడ్డు దగ్గరున్న డ్రైవర్ ఫక్రుద్దీన్ వాకీటాకీలో అరిచాడు. "మ్యాడం, ఈడేం కనపడల్యా! కూలీల బస్సు నడిరోడ్డులో నిలబడిపోయిండాది. నిండా జనం!"

విమానం రోడ్డుకి అవతల, వ్యాన్ ఇవతల. తిరిగి రావాలంటే బస్సు మీదుగానే రావాలి. సృజన రెండు చేతులతో మీట పట్టుకుంది. ఎంత పట్టి ఉంచినా కంప్యూటర్ దాన్ని కిందికే లాగుతోంది.

"అవతల ఎవరన్నా ఉన్నరా భాయ్?"

"ఎవరూ ల్యారు, అంతా ఇసకే!"

ఆమె విమానాన్ని ఎడారి వైపు తిప్పి మోటారు ఆపేసింది. అది ఇసుకలో కూలి, తెర నల్లబడింది.

"అయ్యో, పాయె" అన్నాడు హన్మాండ్లు. ఆమె వాకీటాకీ అందుకుని బస్సు సంగతి అడిగింది.

దుమ్ము పలచబడ్డాక బస్సు లైట్లు వేసుకుని కదిలింది. అందులో ఎవరి ఒంటి మీదా చిన్న గీత కూడా పడలేదు.