కాశీలో వదిలిన కూర

నా పెళ్లి భోజనాల సంగతి తేలింది ఘాజియాబాద్‌లో మా ఫ్లాట్‌లో, డైనింగ్ టేబుల్ దగ్గర. కేటరింగ్ అతను మా గోదావరి వైపు మనిషే. ఢిల్లీ వచ్చి చాలా ఏళ్లయింది కాబట్టి మాటకు ముందొక అచ్ఛా, వెనకొక ఠీక్ హై తగిలిస్తాడు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, కప్పు పక్కన పెట్టి, వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

"పులిహోర, పూర్ణం బూరెలు, మామిడికాయ పప్పు, కొబ్బరి పచ్చడి, ముక్కల పులుసు. ఠీక్ హై? గుత్తివంకాయ, కంద బచ్చలి. అప్పడాలు, వడియాలు, కొత్తావకాయ. పాప ఆఫీసువాళ్ల కోసం పక్కన గోల్‌గప్పా, పనీర్ పెట్టేద్దాం. అచ్ఛా, ఇంక పనసపొట్టు కూర. వైశాఖంలో పెళ్లి కదండీ, కాయ బాగా దొరుకుద్ది."

అంతవరకు ప్రతిదానికీ తలూపుతున్న నాన్న లేచి బాల్కనీలోకి వెళ్లాడు. వెళ్తూ తలుపు కూడా వేసుకున్నాడు.

"ఏంటాంటీ, సార్‌కి ఒంట్లో బాలేదా?" అన్నాడు కేటరింగ్ అతను.

"అదొక్కటి తీసెయ్ బాబూ" అంది అమ్మ. "దాని బదులు బెండకాయ వేపుడు పెట్టు."

నాకు ఒళ్లు మండింది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీ. మాకు కాబోయే వియ్యాలవారూ ఢిల్లీలో స్థిరపడ్డ తెలుగువాళ్లే, రాజమండ్రి వైపువాళ్లు. మాటలనుకున్న రోజున మా మావగారు అడిగింది ఒక్కటే. "లాంఛనాలేవీ వద్దు బావగారూ. బఫే మాత్రం పెట్టకండి, ఆకులేయించండి. పనసపొట్టు కూర తిని ఎన్నేళ్లయిందో, అదొక్కటుంటే చాలు." అప్పుడు నాన్న ఏమీ అనలేదు. పైగా నవ్వాడు. ఇప్పుడు బెండకాయ వేపుడు పెడితే వాళ్లేమనుకుంటారు?

"ఉంచండి. పనసపొట్టు ఉండాల్సిందే" అన్నాను అతనితో. అమ్మ నావైపు చూసింది కానీ కాదనలేదు.

నాన్న ఎందుకు లేచి వెళ్లాడో నాకు తెలియక కాదు. అన్నయ్య పోయాక అమ్మా నాన్నా గయ వెళ్లి, అట్నుంచి కాశీ వెళ్లారు. కాశీకి వెళ్లినవాళ్లు ఒక కాయ, ఒక పండు అక్కడ వదిలిపెట్టి రావాలి కదా, ఇక జన్మలో వాటిని ముట్టకూడదు. ఇష్టమైనవే వదలాలంటారు. అమ్మ సొరకాయ, జామపండు వదిలేసింది. "ఇల్లు నడపాలిగా, ఉన్నవన్నీ వదిలేస్తే ఏం వండను?" అంది నేనడిగితే. నాన్న పండు కింద నోటికొచ్చిన పేరేదో చెప్పాడట. కాయ మాత్రం పనసకాయ అన్నాడట, పంతులుగారు అడగకముందే.

మా ఇంట్లో పనసకాయ నాన్న సొత్తు. అమ్మను ముట్టుకోనిచ్చేవాడు కాదు. బాల్కనీలో పాత పేపర్లు పరిచి, చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, చెక్కు తీసి, కాయని చెక్క పీట మీద పెట్టి ఠకఠకా పొట్టు కొట్టేవాడు. మొదటిసారి కింది ఫ్లాట్ ఆయన పైకి వచ్చి, "భాయీసాబ్, ఇంట్లో వడ్రంగి పనేమైనా చేయిస్తున్నారా?" అని హిందీలో అడిగాడు. ఆ మాట అన్నయ్యకి ఎంత నచ్చిందంటే, ఆ తరవాత నాన్నని వడ్రంగి గారూ అనే పిలిచేవాడు. నాన్న కొడుతుంటే ఎదురుగా కూర్చుని, సన్నగా కొట్టండి వడ్రంగి గారూ అని సతాయించేవాడు. తినడంలో కూడా వాడిదే మొదటి వాటా.

వాడు గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. ఆ వానాకాలంలో ఒక ఆదివారం నేను నిద్ర లేచేసరికే నాన్న బాల్కనీలో పొట్టు కొడుతున్నాడు. వాడికి కాస్త జ్వరంగా ఉందట, కూర పట్టుకెళ్దాం అన్నాడు. పొట్టు కొట్టి, ఉడికించి, పులుసు పోసి, తాలింపు పెట్టి, ఆవ కలిపి, క్యారియర్ సర్దుకుని మేం హాస్టల్ చేరేసరికి వాడు గదిలో లేడు. స్నేహితులు ఆసుపత్రికి తీసుకెళ్లారు. డెంగ్యూ. ఐసీయూలోంచి ఇక బయటికి రాలేదు. ఆ క్యారియర్ మాత్రం కారు వెనక సీట్లో ఉండిపోయింది. అంతా అయిపోయాక నేనే తీసి, మూత తెరవకుండా చెత్తలో పడేశాను.

ఆ తరవాత ఎవరింటికి భోజనానికి వెళ్లినా నాన్న ఆ కథ చెప్పేవాడు. పనసపొట్టు కూర కనిపిస్తే చాలు, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "కాశీలో వదిలేశానండీ" అనేవాడు. వడ్డించేవాళ్లు ఊరుకోరు కదా, ఎప్పుడు వెళ్లారు కాశీకి అని అడుగుతారు. ఇక మొదలుపెట్టేవాడు. "ఆదివారం పొద్దున ఫోన్ చేశాడండీ మావాడు, జ్వరంగా ఉందని. నేను అప్పటికే పనసకాయ ముందేసుకుని కూర్చున్నాను. కూర పూర్తిచేసుకుని వస్తాంలేరా అన్నాను." మాట మాటా నాకు కంఠతా వచ్చేసింది. శ్రీమంతాల్లో చెప్పాడు, గృహప్రవేశాల్లో చెప్పాడు. తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయేవి. కూర కోసం ఆగిన ఆ రెండు గంటల వల్ల ఏమీ తేడా ఉండేది కాదని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా నాన్న వినిపించుకోలేదు. ఆ మాట చెప్పుకోవడానికే భోజనాలకు వెళ్తున్నాడేమో అని నాకు అనుమానం కూడా వచ్చింది.

నాకున్న భయం అదే. నా పెళ్లి పంక్తిలో, వియ్యాలవారి మధ్య కూర్చుని, నాన్న మళ్లీ ఆదివారం పొద్దున అని మొదలుపెడతాడు. నా పెళ్లి భోజనం కూడా అన్నయ్య సంతాప సభ అయిపోతుంది. నాన్నకి ఇద్దరు పిల్లలన్న సంగతి అన్నయ్య పోయినప్పటి నుంచి ఎవరికీ గుర్తులేదు, ముఖ్యంగా నాన్నకి.

కేటరింగ్ అతను వెళ్లిపోయాక బాల్కనీలోకి వెళ్లాను.

"కూర ఉంటుంది నాన్నా. మావగారు నోరు తెరిచి అడిగింది అదొక్కటే."

"ఉండనీ. నేను ఆ పంక్తిలో కూర్చోను."

"పెళ్లికూతురి తండ్రివి నువ్వు కూర్చోకపోతే ఎలా? నీ ఆకులో వేయొద్దని చెప్తాను. కానీ కాశీ మాట మాత్రం ఎత్తకు. అన్నయ్య సంగతి చెప్పకు. ఆ ఒక్క పూటకి."

"ఎందుకు వద్దని ఎవరైనా అడిగితే?"

"పడదని చెప్పు. డాక్టరు వద్దన్నాడని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది, కానీ నాకు కోపం ఆగలేదు. "నువ్వు అన్నయ్యని వదల్లేక పనసకాయని వదిలావు" అన్నాను. "ఇంకా బతికున్నదాన్ని ఒకదాన్ని ఉన్నాను. నన్ను కూడా ఒకసారి చూడు."

నాన్న కిందకి, పార్కింగ్‌లో కార్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. తరవాత "సరేలే" అన్నాడు. నేనలా అన్నందుకు నాకు బాధ కలగలేదు. అప్పటికి అది అనాల్సిన మాటే.

ఆ తరవాత పనులన్నీ నాన్నే దగ్గరుండి చూసుకున్నాడు. హాలు వాళ్లు బఫేకి తప్ప ఒప్పుకోమంటే వెళ్లి వాళ్లతో వాదించి బల్లలు వేయించాడు. అరిటాకులు వాడిపోకుండా తడి గోనెపట్టా కప్పించాడు. వంటవాళ్లు వచ్చిన సాయంత్రం నేను ఫోన్ చేస్తే, వెనక ఠకఠకా చప్పుడు వినిపించింది. వాళ్లు పనసకాయలు కొడుతున్నారు. నాన్న అక్కడే నిలబడి, నెయ్యి ఎక్కడ దొరుకుతుందో నాకు చెప్తున్నాడు.

పెళ్లి బాగానే జరిగింది. మధ్యాహ్నం మొదటి పంక్తిలో నన్నూ మా ఆయన్నీ పక్కపక్కన కూర్చోబెట్టారు. బయట మే నెల ఎండ మండిపోతోంది. నాన్న కండువా భుజాన వేసుకుని వరసల మధ్య తిరుగుతూ, "మొహమాటపడకండి, అడిగి వేయించుకోండి" అంటున్నాడు. మా మావగారు మాకు ఎదురు వరసలో ఉన్నారు. ఆయన నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు.

"బావగారూ, మీరు కూర్చుంటేగానీ నేను ఆకులో చెయ్యి పెట్టను."

నాన్న ఆయన పక్కనే, సరిగ్గా నా ఎదురుగా కూర్చున్నాడు. నేను చెప్పి ఉంచినట్టే, వడ్డించే అతను పనసపొట్టు అందరి ఆకుల్లోనూ వేసి నాన్న ఆకు దాటి వెళ్లిపోయాడు. అదే కొంప ముంచింది. అన్నీ ఉన్న ఆకులో ఆ ఒక్కచోటా ఖాళీగా కనిపించింది.

"ఇదేమిటి, పిల్ల తండ్రికే పనసపొట్టు వేయలేదు" అన్నారు మా మావగారు. వడ్డించే అతన్ని వెనక్కి పిలిచి, గరిటె తన చేతిలోకి తీసుకున్నారు. "ఉండండి బావగారూ, నేను వేస్తాను."

నాన్న చెయ్యి అలవాటుగా ఆకు మీదకి వెళ్లింది. నోరు కూడా తెరిచాడు. అప్పుడు నావైపు చూశాడు. నేను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. నాన్న చెయ్యి తీసేశాడు.

పడదని అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. నాన్న అబద్ధం ఆడే మనిషి కాదు, అందుకే తింటున్నాడని అనుకున్నాను అప్పుడు. అన్నంలో కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఎలా ఉంది?" అన్నారు మావగారు.

"ఆవ బాగా కలిసిందండీ" అన్నాడు నాన్న.

ఆయన సంబరపడిపోయి ఇంకో గరిటె వేశారు. అదీ తిన్నాడు, ఆకులో ఒక్క పోగు మిగల్చకుండా. నాకు ముందు హమ్మయ్య అనిపించింది. ఆ తరవాత నాన్న ఆకులో ఖాళీ అయిన ఆ చోటునే చూస్తూ కూర్చున్నాను. పక్కనుంచి మా ఆయన బూరె తినిపించబోతే, కాసిని నీళ్లు తాగి సరిపెట్టాను. అందరూ పెళ్లికూతురు సిగ్గుపడుతోందని నవ్వారు.

ఆ రోజు నుంచి నాన్న అన్నయ్య ఊసు ఎత్తడం మానేశాడు. నేను అడిగింది ఒక్క పూటకి. ఆయన మొత్తానికే మానేశాడు. ఇంట్లో కూడా మానేశారే అంది అమ్మ ఫోన్‌లో. వాడి పుట్టినరోజు వచ్చి వెళ్లిపోయింది, నాన్న టీవీ చూస్తూ కూర్చున్నాడట. నేను వెళ్లినప్పుడు కావాలనే వడ్రంగి గారూ అని పిలిచాను. విననట్టు పేపరు తిప్పాడు. నాకు నిజంగా భయం వేసింది. ఆ కథ ఇక వినలేను అనుకున్న నేనే, ఒక్కసారి చెప్తే బాగుండునని ఎదురుచూడడం మొదలుపెట్టాను.

మరుసటి ఎండాకాలం నాన్న పాత సహోద్యోగి ఒకాయన గ్రేటర్ నోయిడాలో ఫ్లాట్ కొని గృహప్రవేశానికి పిలిచారు. అమ్మా నాన్నలతో నేనూ వెళ్లాను. అన్నయ్య హాస్టల్ ముందునుంచే దారి. ఆ గేటు దాటుతుంటే నాన్న రోడ్డునే చూస్తూ కారు నడిపాడు. భోజనాల దగ్గర మమ్మల్ని ముగ్గుర్నీ ఒక వరసలో కూర్చోబెట్టారు. ఆ ఇంటావిడే స్వయంగా గిన్నె పట్టుకొచ్చింది. పనసపొట్టు కూర. నాన్న ఆకులో వేస్తే నాన్న వేయించుకున్నాడు. కాశీ మాటెత్తకుండా కలుపుకుంటున్నాడు. అమ్మకి వేసి, నా దగ్గరికి వచ్చింది.

నేను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. "నాకు వద్దాంటీ. కాశీలో వదిలేశాను" అన్నాను. నేను కాశీ మొహం ఎరగను.

"ఇంత చిన్నదానివి, నీకు కాశీ ఏమిటమ్మా?"

"నాకొక అన్నయ్య ఉండేవాడండీ" అన్నాను. నాన్న ఎలా చెప్పేవాడో అలాగే మొదలుపెట్టాను. "ఇక్కడే దగ్గర్లో హాస్టల్లో ఉండేవాడు. ఆదివారం పొద్దున ఫోన్ చేశాడు, జ్వరంగా ఉందని. నాన్న అప్పటికే పనసకాయ ముందేసుకుని..."

"పొద్దున కాదు" అన్నాడు నాన్న.

తల ఎత్తలేదు. ఆకులోకే చూస్తున్నాడు.

"శనివారం రాత్రి చేశాడు. చాలా నీరసంగా ఉంది నాన్నా, వచ్చి తీసుకెళ్లు అన్నాడు. కాయ తెచ్చి ఉంచానురా, పొద్దున కూర చేసి పట్టుకొస్తాను, మాత్ర వేసుకుని పడుకో అన్నాను."

అమ్మ తినడం ఆపి నాన్న వైపు చూసింది. శనివారం రాత్రి ఫోన్ వచ్చిన సంగతి అమ్మకి కూడా తెలియదు.