స్టూలు మీద అక్క

తనను చూసి నవ్వేవాళ్లతో కలిసి తానూ నవ్వే మనిషిది మంచితనమా, తెలివితక్కువతనమా? ఎన్ని పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకని ప్రశ్న ఇది.

హోటలు నేలమాళిగలో దుప్పట్లు ఉతికే గదిలోనే ఇస్త్రీ అక్క జుట్టు నెరిసింది. బ్లీచింగుకు గోళ్లు పోయాయి. ఇంకా ఆవిరిలోనే ఉంటే ఊపిరితిత్తులు దక్కవన్నాడు డాక్టరు. పైన రిసెప్షన్‌లో ఒక ఖాళీ ఉంది. హోటలు పనివాళ్లకు పెట్టిన సాయంత్రం ఇంగ్లీషు క్లాసులో మాస్టారు ఎవరిని పాస్ చేస్తే వాళ్లకే అన్నాడు మేనేజరు. పక్కనే పనిచేసే చెల్లెలికీ ఆ కుర్చీ మీద కన్నుంది. తల్లి పోయాక అక్క చంకనెత్తుకుని పెంచిన పిల్ల.

ఇద్దరూ చెరో రెండు కొసలూ పట్టుకుని దుప్పట్లు మడిచేవారు. కొసలు కలిసేలోపు అక్క ఒక ఇంగ్లీషు మాట అనాలి, చెల్లెలు అర్థం చెప్పాలి. తడిదైతే ‘వెట్’. చిరిగిందైతే ‘టోర్న్’. అరిగిపోయి మూల గుట్టలో పారేసేదైతే ‘వోర్న్ అవుట్’.

క్లాసులో సర్వనామాల దగ్గర మాత్రం అక్క ఏ వాక్యమైనా ‘వీ’ అనే మొదలుపెట్టేది.

“కుర్చీ ఒకటేనమ్మా, ‘ఐ’ అను” అనేవాడు మాస్టారు.

విశేషణాలకు ఆయన పద్ధతి వేరు. ఒకరిని స్టూలెక్కించి మిగతావాళ్లచేత వర్ణింపజేస్తాడు.

“ఎక్కు ఇస్త్రీ. నువ్వైతే మాటలకు కరువుండదు.”

“ఫ్యాట్” అన్నాడు డ్రైవరు.

“ఓల్డ్. చాలా ఓల్డ్ సార్” అన్నాడు వంటమనిషి.

అందరూ నవ్వుతుంటే అక్క కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఇవి చంటిపిల్లల మాటలు. కొత్త మాట, నిండు వాక్యంలో చెప్పినవాళ్లే పాస్.”

చెల్లెలు లేచింది. అక్క ముఖం చేటంత అయింది.

“షీ ఈజ్ వోర్న్ అవుట్, సార్.”

“భేష్. అర్థం కూడా చెప్పు, మీ అక్కకు తెలియాలిగా.”

“తెలుసు సార్. తనే నేర్పింది.”

క్లాసు గొల్లుమంది. అక్క పెదవుల మీద నవ్వు తీయడం మరిచిపోయినట్టు అలాగే ఉండిపోయింది.

మర్నాడు చెల్లెలు కొత్త యూనిఫాంలో కిందికి దిగింది. అలవాటుగా దుప్పటి కొసలు అందుకుంది.

“కోపమా అక్కా? నేను పైకి రావాలని నువ్వే అనేదానివిగా.”

అక్క దుప్పటి కొసలు కలిసేదాకా నడిచొచ్చి, తన రెండూ చెల్లెలి చేతిలో పెట్టింది. టీకి వెళ్లినా ‘వెళ్లొస్తానే’ అనే మనిషి, ఆ మాట అనకుండా మెట్లెక్కి, రిసెప్షన్ ముందు నుంచి వీధిలోకి వెళ్లిపోయింది.