హౌరోకో అవతలి ఒడ్డుకు వెళ్ళిన తుపాకి

ముర్డో గిలెస్పీని మా టుయటాపెరె ఊళ్ళో అందరూ ‘ఇంకోసారి ముర్డో’ అనేవారు. తలుపుకి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి ఇంకోసారి లాగి చూసే మనిషి. పొయ్యి ఆర్పామో లేదోనని సగం దారిలో కారు వెనక్కి తిప్పించే మనిషి. ఊరంతా ఆయన్ని చూసి నవ్వేది. తుపాకి చెడిపోతే మాత్రం ఆ నవ్విన వాళ్ళే ఆయన షెడ్డు ముందు నిలబడేవారు. “తుపాకి పని భయస్తుడికే అప్పజెప్పాలి” అనేవాడు మా నాన్న.

వయసులో ఉండగా ముర్డో కొండల మీద ప్రభుత్వం తరఫున, అడవిని మేసి పాడుచేసే దుప్పుల్ని కాల్చే పని చేశాడు. రోజంతా పేలుళ్ళే. ఆ పేలుళ్ళకు ఎడమ చెవి పోయింది. అందులో ఎప్పుడూ ఇలకోడి కూస్తున్నట్టు ఒకటే రొద. తర్వాత మాంసం ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే పనిలో చేరాడు. అది మూతపడ్డాక ఇంటి వెనక షెడ్డులో లేత్ మిషన్ పెట్టుకుని, లైసెన్సు తీసుకుని, తుపాకుల పనిలో పడ్డాడు. ఎవరొచ్చినా ముందు సైలెన్సర్ గురించే చెప్పేవాడు. “నా చెవి చూసైనా బుద్ధి తెచ్చుకోండి” అనేవాడు. ఆయన భార్య నేటా పక్కనుంచి, “ఆ చెవి నేను పిలిచినప్పుడు మాత్రమే వినబడదు” అని అంటించేది.

మా వైపు చలికాలానికి ముందు, మగ దుప్పులు అరిచే ఏప్రిల్ నెల అది. తామతి అనే ఆయన, లావు గుండు కాల్చే తన పెద్ద మాగ్నమ్ తుపాకి పట్టుకుని వచ్చాడు. అడవుల్లో కంచెలు వేసే పని ఆయనది. ముర్డోకి పాత స్నేహితుడు. వెంట కూతురు మేరే ఉంది. ఇన్వర్‌కార్గిల్ పట్నంలో నర్సు పని చేస్తోంది. ఈసారి తండ్రితో మొదటిసారి మగ దుప్పి వేటకి వెళ్తోంది.

“దీని గొట్టం చూడు ముర్డో, చేపల గాలం కర్రలా ఉంది” అన్నాడు తామతి. “దీని చివర సైలెన్సర్ కూడా పెడితే పొదలో తిరగడానికే లేదు. కొంచెం కోసి పెట్టు. పిల్ల చెవులు బాగుండాలి కదా.”

“కోసిన గొట్టం మళ్ళీ మొలవదు తామతి. ఇంకోసారి ఆలోచించుకో.”

“మొదలెట్టాడమ్మా ఇంకోసారి!” అని నవ్వాడు తామతి.

మేరే నవ్వలేదు. “ముర్డో అంకుల్, ఇది కాల్చినప్పుడు భుజాన్ని బాగా తంతుందట కదా?” అని అడిగింది.

“కోసి, సైలెన్సర్ పెడితే తన్ను తగ్గుతుంది తల్లీ. నేను కాల్చి చూసే ఇస్తాను.”

ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు. గొట్టం కోశాడు, మూతి నునుపు చేశాడు, సైలెన్సర్ బిగించడానికి మరలు చెక్కాడు. మర్నాడు పొద్దున్నే ఊరి బయట కంకర గుంట దగ్గర కాల్చి, గురి సరిచేశాడు. ఆ రోజు ఇంకో తుపాకి కూడా వెంట తీసుకెళ్ళాడు. పాల రైతు క్లెమ్‌ది, సన్న గుండు కాల్చే రకం. రెండూ కాల్చాక సైలెన్సర్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి. విప్పి, చల్లారడానికి ఒకే గోనె మీద పక్కపక్కన పెట్టాడు. పైకి రెండూ ఒకే రకం. నల్లగా, ఒకే పొడవు. మరల కొలత కూడా ఒకటే.

ఇంటికొచ్చేసరికి తామతి పడవ కట్టిన జీపుతో వాకిట్లో సిద్ధంగా ఉన్నాడు. వాళ్ళు దాటాల్సిన హౌరోకో సరస్సు పొద్దునపూట మాత్రమే దయగా ఉంటుంది. గాలి లేచాక దాన్ని నమ్మకూడదు. “తొందరగా ఇయ్యవయ్యా, గాలి లేస్తోంది” అని తామతి కేక పెట్టాడు. ముర్డో గోనె మీంచి ఒకటి తీసి, మాగ్నమ్‌కి బిగించి, ఇంకోసారి బిగించి చూసి, ఇచ్చేశాడు. బిగువు చూశాడు. రంధ్రం చూడలేదు.

మర్నాడు పొద్దున క్లెమ్ తన తుపాకి కోసం వచ్చాడు. నేటా ఇచ్చిన టీ తాగుతూ ఆవుల గురించి ఏదో చెబుతున్నాడు. ముర్డో అలవాటు ప్రకారం డబ్బాలోంచి సన్న గుండు ఒకటి తీసి, మిగిలిన సైలెన్సర్‌లో జారవిడిచాడు. అది గలగలా పడింది. అంత వదులుగా పడకూడదు. తర్వాత మాగ్నమ్ గుండు తీసి అందులో వేశాడు. అది పోకూడదు. పోయింది. అటువైపునుంచి బల్ల మీద పడి దొర్లింది.

“నేటా” అన్నాడు. మళ్ళీ అన్నాడు. “నేటా, తామతి పట్టుకెళ్ళింది క్లెమ్ సైలెన్సర్.”

“అంటే?” అంది నేటా.

“దాని రంధ్రం చిన్నది. మాగ్నమ్ గుండు పట్టదు. ఆ పిల్ల కాల్చిందంటే అది పగిలి…” చేత్తో గాలిలో చీల్చినట్టు చూపించాడు.

క్లెమ్ కప్పు కింద పెట్టాడు. “నిన్న సాయంత్రమే కాల్చి ఉంటారేమో” అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆయనకి వెంటనే అర్థమైంది.

ఆ సరస్సు దగ్గర ఫోన్లు పనిచేయవు. నేటా పోలీసులకి ఫోన్ చేసింది. సహాయక దళం హెలికాప్టర్ ఉంది కానీ, మబ్బు కొండల నడుముదాకా దిగి ఉంది, అది తేలేదాకా ఎగరలేమన్నారు.

“నా పడవ ఉందిగా. లేవరా ముర్డో” అన్నాడు క్లెమ్.

“గాలి…”

“గాలి సంగతి నాకు తెలుసు. లే.” బల్ల మీదున్న తన తుపాకి కూడా తీసుకున్నాడు క్లెమ్. దాని సైలెన్సర్ ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు.

నేటా వాకిట్లోకి వచ్చి భర్త కోటు గుండీలు పెట్టింది. “వాళ్ళు బాగానే ఉంటారు” అంది. తర్వాత నాతో చెప్పింది, ఆ మాట తనే నమ్మలేదని.

సరస్సు మీద అలలు నల్లగా లేస్తున్నాయి. పడవ ముక్కు ఎత్తి ఎత్తి కొడుతుంటే నీళ్ళు మొహానికి రాళ్ళలా తగిలాయి. ముర్డో రెండు చేతులతో బల్ల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన కళ్ళ ముందు మేరే చెయ్యి ఒకటే కదులుతోంది. గొట్టం కింద పట్టుకునే ఎడమ చెయ్యి. నర్సు చెయ్యి. పక్కనే దుర్భిణితో ఆనుకుని పడుకునే తామతి మొహం. ఇనుప ముక్కలు ఎటు ఎగురుతాయో ఎవరు చెప్పగలరు?

“ఏదైనా మాట్లాడరా, నాకు భయమేస్తోంది” అని అరిచాడు క్లెమ్.

“నాకూ అంతే” అన్నాడు ముర్డో.

అవతలి ఒడ్డున వేటగాళ్ళ గుడిసె ఉంది. తామతి పడవ ఇసుకలోకి లాగి ఉంది. గుడిసెలో ఎవరూ లేరు. పొయ్యిలో నిప్పు కొనఊపిరితో ఉంది. బల్ల మీద సగం తిన్న రొట్టె, రెండు కప్పులు. రక్తపు గుడ్డలు లేవు. ముర్డో ముందు వెతికింది వాటికోసమే. పక్కల మీద దుప్పట్లు నలిగి ఉన్నాయి. అంటే రాత్రి బాగానే పడుకున్నారు. అంటే ఇంకా కాల్చలేదు. లేదా ఇప్పుడే కాలుస్తున్నారు.

వాగు పక్కనుంచి పైకి బాట. నాచు పట్టిన వేళ్ళ మీద జారుతూ ఇద్దరూ ఎక్కారు. పైనెక్కడో మగ దుప్పి అరిచింది. గొంతు చించుకుని, ఎద్దు మూలిగినట్టు. అది ఏ వైపునుంచో ముర్డోకి తెలియలేదు. ఒక చెవి మనిషికి దిక్కులు అందవు.

“ఎటు?” అని అడిగాడు.

“ఎడమ. కొండచరియ విరిగిన చోట.”

దుప్పి అరవడం ఆగినప్పుడల్లా ఆయన నిలబడిపోయేవాడు. ఎందుకు ఆగింది? కాల్చారా? మామూలు తుపాకి అయితే కొండ కొండంతా మోగేది. ఆయన పెట్టిచ్చిన సామాను ఆ మోతని మింగెయ్యడానికే. పైగా పక్కన వాగు హోరు. తను నిలబడి ఉన్న ఈ క్షణంలోనే ఆ పిల్ల చెయ్యి పోతున్నా తనకి వినబడకపోవచ్చు. ఆ ఆలోచన వచ్చాక ఆయన పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఆ వయసులో, ఆ బాటలో. రెండుసార్లు పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. అది ఆయనకి గుడిసెకి తిరిగొచ్చేదాకా తెలియలేదు.

చెట్లు పలచబడిన చోట క్లెమ్ ఆయన భుజం పట్టి ఆపాడు. లోయకి అవతల, గడ్డి వాలులో, నారింజ రంగు చొక్కాలు రెండు. ముర్డో దుర్భిణి ఎత్తాడు. బొమ్మ ఊగిపోతుంటే చెట్టుకి ఆనించాడు. మేరే బోర్లా పడుకుని ఉంది. తుపాకి సంచి మీద ఆనించి ఉంది. చెంప తుపాకి మడమకి ఆనుకుని ఉంది. తామతి ఆమె పక్కనే, భుజానికి భుజం తగిలేలా.

“మేరే! ఆగు!” అని అరిచాడు ముర్డో. క్లెమ్ కూడా అరిచాడు. వాగు ఆ అరుపుల్ని అక్కడికక్కడే ముంచేసింది.

క్లెమ్ తన తుపాకిలో తూటాలు పెట్టాడు. “మూడు సార్లు పేలిస్తే ఆపద అని అర్థం. తామతికి తెలుసు.”

“ఆగు.” ముర్డో ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “ఆ మోతకి ఉలిక్కిపడి వేలు నొక్కేస్తే? దుప్పి పారిపోతోందని గబుక్కున కాల్చేస్తే?”

“పేల్చకపోతే మాత్రం? ఎలాగూ కాలుస్తుంది కదరా!”

ముర్డో చెయ్యి వదిలాడు. ఆయన బతుకులో ఇంకోసారి ఆలోచించడానికి వీల్లేని క్షణం అదొక్కటే. “ఒడ్డు మట్టిలోకి పేల్చు” అన్నాడు, దుర్భిణి కళ్ళకి పెట్టుకుని.

సైలెన్సర్ లేని ఆ చిన్న తుపాకి లోయ దద్దరిల్లేలా పేలింది. మళ్ళీ పేలింది. మళ్ళీ. పొదలోంచి పెద్ద కొమ్ముల దుప్పి ఒక్క గెంతులో బయటికొచ్చి వాలుకి అడ్డంగా పరిగెత్తింది. మేరే భుజాలు దాని వెంట తిరిగాయి. తుపాకి తిరిగింది. తామతి చెయ్యి కూతురి వీపు మీద పడింది. ఆమె తల ఎత్తింది. వేలు పక్కకి జరిగింది. దుప్పి అడవిలో కలిసిపోయింది.

ముర్డో చేతులు ఊపి వాళ్ళని రమ్మన్నాడు.

తామతి కూతురితో వాగు దాటి వచ్చేసరికి కోపంతో బుసకొడుతున్నాడు. “ఎవడ్రా అది? పిల్ల వేలు పెట్టింది, ఇంకో క్షణం అయితే… ముర్డో? నువ్విక్కడేంటి? నేటాకి ఏమైనా అయిందా?”

“నేటా బాగానే ఉంది” అన్నాడు ముర్డో. మేరే చేతిలోంచి తుపాకి తీసుకుని, తూటాలు తీసేసి, సైలెన్సర్ విప్పాడు. జేబులోంచి మాగ్నమ్ గుండు తీసి దాని రంధ్రం మీద పెట్టాడు. అది అక్కడే కూర్చుంది. లోపలికి పోలేదు. వేలితో నొక్కి చూపించాడు. పోలేదు.

తామతి ఆ గుండుని తనే వేలితో నొక్కి చూశాడు. కోపమంతా మొహంలోంచి ఎటో పోయింది. “ఎవరికి తగిలేది?” అని మెల్లగా అడిగాడు.

“తెలీదు. ఆమె చెయ్యి ముందుంది. నీ మొహం పక్కనుంది.”

మేరే తన ఎడమ చేతిని తిప్పి చూసుకుంది. వేళ్ళు ఒకసారి ముడిచి చాచింది. తర్వాత వాగు దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకుంది. తామతి ఆమె వెనకాలే వెళ్ళాడు.

“నిన్న సాయంత్రం ఒకటి కనబడింది” అన్నాడు వెనక్కి వచ్చాక. “వెలుతురు చాలదు, వద్దులే అన్నాను. పిల్ల అలిగింది.”

క్లెమ్ విప్పిన సైలెన్సర్ తీసుకుని తన కోటు జేబులో వేసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ముర్డో తర్వాత చాలాసార్లు అన్నాడు. ఊరికొచ్చాక పోలీసు అధికారికి తనే అంతా చెప్పాడు. ఆదివారం క్లబ్బులో, అడగని వాళ్ళకి కూడా చెప్పాడు. చలికాలమంతా షెడ్డు మూసి ఉంది. ఎండలు మొదలయ్యాక తెరిచాడు గానీ, అప్పటినుంచీ ఒక తుపాకి వాకిలి దాటి వెళ్ళేదాకా ఇంకోటి లోపలికి రానిచ్చేవాడు కాదు. ఇచ్చేటప్పుడు సైలెన్సర్ రంధ్రంలో గుండు వేసి చూసి, ఇంకోసారి వేసి చూసేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు.

తామతి వేటమాంసం ఎప్పటిలాగే తెచ్చి ఇచ్చేవాడు. మేరే మాత్రం ఆ తుపాకిని మళ్ళీ ముట్టుకోలేదు. మరుసటి ఏడు తండ్రి వెంట వెళ్ళింది కానీ, ఉత్త చేతులతో వెళ్ళి దుప్పుల అరుపులు విని వచ్చింది. ఒకసారి నేటా ఆమెకి చీజ్ రోల్స్ మూట కట్టి ఇస్తుంటే ముర్డో గుమ్మంలో నిలబడి, “ఆస్పత్రిలో పని ఎలా ఉంది తల్లీ?” అని అడిగాడు.

“బాగానే ఉంది అంకుల్” అంది మేరే. “చేతి నిండా పనే.”